జంట తుమ్ము

కోరుట్ల,
జులై 16.

తంగళ్ళపల్లి విజయ టీచరమ్మకు మొగిలయ్య నమస్కారాలు.

నేను గుర్తున్నానో లేదో. జగిత్యాల శిక్షణలో మీ పక్కన కూర్చున్నవాడిని. పది రోజుల్లో నాలుగు మాటలు మాట్లాడాను. అందులో రెండు 'పెన్సిలు ఇదిగో' అన్నవే.

శ్రీజ మేడం జంటకొక లాప్‌టాప్, కోతులను బెదరగొట్టే శబ్దాల పెట్టె ఒకటి ఇచ్చి చీటీలు తీసింది కదా. ముందు వంతు నాకు వచ్చింది. నా చేనులో పెట్టె పలికితే మేడం వచ్చి రెండూ తీసుకుపోయి మీకిస్తుంది. ఇంకా పలకలేదు.

మా దగ్గర రికార్డు పెట్టెలు ఊరినిండా ఉన్నాయి. పులి గాండ్రింపు పెడితే కోతులు నాలుగు రోజులు భయపడ్డాయి. ఐదో రోజు పెట్టె మీదనే కూర్చుని పేలు చూసుకున్నాయి. అందుకే ఎప్పటికప్పుడు మారే శబ్దాన్ని మనమే రాసుకోవాలని మేడం నేర్పింది. రాశాను. మన రాతను పెట్టెకు తెలిసే రాతగా మార్చే కంపైలర్ ఉంది కదా, అది ఒప్పుకోవడం లేదు. దాని ఇంగ్లీషును మా కొడుకు రవీందర్ వెల్డింగ్ షాపు నుంచి వచ్చి చదివాడు.

'లైన్ ఆరు. సింటాక్స్ ఎర్రర్. ఇక్కడ రాకూడని మాట వచ్చింది.'

ఆరో లైనును నాలుగు రోజులు చూశాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూశాను. చెరిపి మళ్ళీ రాశాను. అదే మాట అంటుంది. కోడలు స్వరూప 'మామా, గా లైన్ల ఏమున్నదే, దేవుని పటం లెక్క చూస్తున్నవు' అన్నది. పదకొండు లైన్లూ వెనక పేజీలో రాశాను. చూడగలరు.

ఫోన్ చేయవచ్చు. నాకు ఫోన్‌లో మాట రాదు. మొన్న మా చెల్లెలికి చేసి ఊరకే ఉంటే, ఎవరో పోయారనుకుని వాళ్ళు ఆటో కట్టుకుని వచ్చారు.

మొగిలయ్య.


తంగళ్ళపల్లి,
జులై 22.

మొగిలన్నకు విజయ వందనాలు.

గుర్తున్నారు. నా పెన్సిలును పది రోజులూ చెక్కి చెక్కి బొటనవేలంత చేసింది మీరే. ఉత్తరం ఇస్తూ పోస్టుమాన్ 'టీచరమ్మా, ఇయ్యాల రేపు ఉత్తరాలు రాసెటోళ్ళు ఎవ్వలున్నరు, నీకెవ్వలు రాసిండ్లు' అని అక్కడే నిలబడ్డాడు. కోతులు రాసినయి అన్నాను.

మీ ఆరో లైనులో ఏ తప్పూ లేదు. దాన్ని వదిలిపెట్టండి, పాపం. అంగన్‌వాడీలో ముప్పై ఏళ్ళు చేశాను. ఒక పిల్ల ఏడుస్తుంది. కొత్తగా వచ్చిన ఆయా ఆ పిల్లనే ఎత్తుకుని ఒళ్ళంతా వెతుకుతుంది. నేను పక్కన కూర్చున్న పిల్లగాడి చేతివేళ్ళు చూస్తాను. మీ ఐదో లైను చివర చుక్క కింద కామా పెట్టాలి. పెట్టలేదు. మాట అయిపోయిందని తెలియక కంపైలర్ ఆరో లైనులోకి నడిచిపోయి, అక్కడ తట్టుకుని పడి, పడ్డచోటే ఏడ్చింది.

తొందరగా పలికించండి. నా అర ఎకరం మక్క మోకాలెత్తు వచ్చింది. కంకి ఎప్పుడు పాలు పోసుకుంటుందో నాకంటే ముందు ఇక్కడి కోతులకే తెలుస్తుంది.

విజయ.


కోరుట్ల,
జులై 30.

విజయ టీచరమ్మకు,

కామా పెట్టాను. ఆరో లైను నోరు మూసింది. నాలుగు రోజులు దాన్ని తిట్టాను, ఇప్పుడు ముఖం చూడలేకపోతున్నాను.

ఇప్పుడు తొమ్మిదో లైను మొదలుపెట్టింది.

'మొదటిదాని అవుట్‌పుట్లు రెండు. తర్వాతిదాని ఇన్‌పుట్ ఒకటి. కుదరదు.'

ఎవరికి ఎవరితో కుదరదో తెలియలేదు. రవీందర్‌కు కూడా తెలియలేదు.

ఒక మాట. అన్న అని రాయనవసరం లేదు. నాకు చెల్లెళ్ళు నలుగురు ఉన్నారు.

మొగిలయ్య.


తంగళ్ళపల్లి,
ఆగస్టు 5.

కోరుట్ల మొగిలయ్య గారికి,

చెల్లెళ్ళు సరిపోయారని తెలిసి సంతోషం.

తొమ్మిదో లైనులో మీరు డబ్బా మోత ఒకటి, గాలి రొద ఒకటి తెచ్చి రెండింటినీ ఒకే స్పీకరుకు కట్టారు. తాటిచెట్లు ఎక్కి కల్లు గీసినవారు, మీకు నేను చెప్పాలా. రెండు లొట్ల కల్లు ఒకేసారి ఒక సీసా మూతిలో పోస్తారా? ముందు రెండూ ఒక కుండలో కలపాలి. ఆ కుండకు గుర్తు, రెండు చుక్కల పక్కన బాణం మొన. మీరు చుక్కలు పెట్టి మొన మరిచిపోయారు. కల్లు సంగతి నాకెలా తెలుసని అడగకండి. మా చర్చికి పోవాలంటే కల్లు మండువ దాటే పోవాలి.

ఇంకొక సంగతి. కరీంనగర్ నుంచి తమ్ముడు వినోద్ వచ్చాడు. గట్టు మీద నిలబడి 'అక్కా, నువ్వు పండిచ్చేది నీకా, కోతులకా? అన్ని ఇడిసిపెట్టి మా ఇంటికి రా, పిల్లలను చూసుకుంట ఉందువు' అన్నాడు. వాడిది ప్రేమే. మా ఆయన పోయి ఇరవై ఏళ్ళు, ఈ అర ఎకరంతోనే మాట్లాడుతూ బతికాను. కానీ పోయినేడు చేతికి బస్తాడు కంకులు కూడా రాలేదు. ఈసారీ అంతే అయితే వచ్చే యాసంగి పంటకు మక్క వేయనని, చేను కౌలుకిచ్చి వస్తానని మాటిచ్చాను. అక్టోబరు పదిహేనున నా సామానుకు ట్రాలీ ఆటో తెస్తాడట.

కాబట్టి మీ పెట్టె ఎంత తొందరగా నా చేనుకు వస్తే అంత మంచిది. మీ మీద భారం వేయడం కాదు. వేయడమే.

విజయ.


కోరుట్ల,
ఆగస్టు 16.

విజయ టీచరమ్మకు,

పన్నెండో తారీఖు పొద్దున పెట్టె పలికింది.

కానీ తుమ్మింది. నేను డబ్బా మోత, గాలి రొద అనుకుని రాశాను. కలిసేసరికి ముందు 'హా' అని గాలి గుంజి, తర్వాత 'చ్ఛీ' అని వదిలింది. చేను అంతటి మనిషి తుమ్మినట్టు. ఎప్పుడు తుమ్ముతుందో పెట్టెకే తెలియదు. అలాగే రాశాం కదా.

ఊళ్ళో గొడవైంది. ఒంటి తుమ్ము వింటే మావాళ్ళు బయలుదేరరు. పోశం వచ్చి 'ఏం మొగిలన్నా, నీ డబ్బ తుమ్మినప్పుడల్ల బండికి స్టాండేసి కూసుంటున్న. గిట్లైతె నేను కైకిలి పనికి ఎప్పుడు పోవాలె' అన్నాడు. నాగవ్వ మనుమరాలిని చూడడానికి మెట్‌పల్లి నుంచి వచ్చినవాళ్ళు గడప దాటుతుండగా తుమ్మింది. వాళ్ళు మళ్ళీ లోపలికి వచ్చి కూర్చున్నారు. మళ్ళీ లేచారు. మళ్ళీ తుమ్మింది. రెండు పూటల అన్నం పెట్టాల్సివచ్చిందని నాగవ్వ నా మీద కోపంగా ఉంది.

జంట తుమ్ముకు దోషం లేదు. అందుకని వెంటనే రెండో తుమ్ము రావాలని పదో లైను మార్చి రాశాను. కొంచెం ఆగి తుమ్ము, ఎంత ఆగాలో నువ్వే చూసుకో అని రాశాను. కంపైలర్ ఇట్లా అన్నది.

'లైన్ పది. ఈ ఆలస్యానికి కనిష్ఠం, గరిష్ఠం లెక్కకు అందడం లేదు.'

మీ ఉత్తరం కవరు పచ్చది కావడం మంచిదైంది. పోస్టుమాన్ వీధి మలుపులో ఉండగానే సంచిలో కనబడుతుంది.

మొగిలయ్య.


తంగళ్ళపల్లి,
ఆగస్టు 22.

మొగిలయ్య గారికి,

మెట్‌పల్లి వాళ్ళ సంగతి చదివి నేను నవ్విన నవ్వుకు పక్కింట్లో మా పెద్దమ్మ కొడుకు భూమన్న గోడ మీది నుంచి 'ఏమైందే' అని తొంగి చూశాడు. చదివి వినిపించాను. వాడు నవ్వి, తుమ్మి, ఆ రోజు పనికి పోలేదు.

మీరు పెట్టెను ఎంతసేపైనా ఆగమన్నారు. ఆగే తుమ్మును అది ఎక్కడో దాచుకోవాలి. పెట్టెలో చోటు కొంచెమే, ఎంత కేటాయించాలో దానికి ముందే తెలియాలి. ఇంతకు మించి ఆగను అని ఒక హద్దు రాయండి. ఒక సెకను చాలు. హద్దు లేకుండా ఆగడం యంత్రం వల్ల కాదు. మనుషుల సంగతి నాకు తెలియదు.

ఊరు ఏమన్నదో అంతా రాశారు. కోతులు ఏమన్నాయో రాయలేదు.

ఇక్కడ అవి దిగాయి. మొదటి రోజు రెండు సాళ్ళు. ఒక కంకి కొరికి పారేసి ఇంకొకటి విరుస్తాయి, తినేది తక్కువ. మంచె మీద కూర్చుని డబ్బా కొడుతున్నాను. నన్ను చూసి పళ్ళు ఇకిలిస్తున్నాయి.

విజయ.


కోరుట్ల,
సెప్టెంబరు 8.

విజయ టీచరమ్మకు,

ఆలస్యమైంది. వానలు.

కోతుల సంగతి అడిగారు. అవి ఉన్నాయి. ఆరోగ్యంగానే ఉన్నాయి.

హద్దు రాశాను. కానీ ఇంకా తప్పులు వస్తున్నాయి. ఈసారి మూడు వచ్చాయి. ఒకే కాగితం మీద రాస్తున్నాను.

'లైన్ ఆరు. సింటాక్స్ ఎర్రర్.'
'లైన్ తొమ్మిది. అవుట్‌పుట్లు మూడు, ఇన్‌పుట్ ఒకటి.'
'లైన్ పది. ఆలస్యం లెక్కకు అందడం లేదు.'

మూడింటికీ వేరు వేరుగా జవాబు రాసినా పర్వాలేదు. తొందరేమీ లేదు.

పెట్టె పనైపోతే ఇంక ఉత్తరాలు ఉండవు గద మామా అని స్వరూప అడిగింది. నా భార్య రాజవ్వ పోయిన ఆరేళ్ళలో నేను ఇన్ని మాటలు ఎవరికీ చెప్పలేదని కూడా అన్నది.

మొగిలయ్య.


తంగళ్ళపల్లి,
సెప్టెంబరు 13.

మొగిలయ్య గారూ,

ఈ ఉత్తరంలో వందనాలు లేవు.

కంపైలర్ మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. దాన్ని దిద్దితేనే రెండోదాని దాకా వస్తుంది. శిక్షణ నాలుగో రోజు శ్రీజ మేడం బోర్డు మీద రాసి చూపించింది. ఆ వేళ మీరు నా పెన్సిలు చెక్కుతున్నారు. ఆరో లైను సింటాక్స్ దగ్గర ఆగినది తొమ్మిదికి, పదికి ఎట్లా పోయింది? కాబట్టి మీరు పంపిన మూడూ కంపైలర్ అన్న మాటలు కావు. మీరన్నవి.

పెట్టె సరిగా పలుకుతున్నదా, లేదా? కోతులు పోయాయా, లేదా?

పన్నెండు సాళ్ళలో నాకు నాలుగు మిగిలాయి. డబ్బా కొట్టి కొట్టి కుడి భుజం లేవడం లేదు, ఈ ఉత్తరం ఎడమ చేత్తో కాగితం పట్టుకుని, కుడి మోచేయి బల్లకు ఆనించి రాస్తున్నాను. పెట్టె ఇంకా సరిగా పలకడం లేదు కదా అని ఓర్చుకున్నాను.

ఎందుకు చేశారు? ఒక్క కారణం రాయండి.

విజయ.


కోరుట్ల,
సెప్టెంబరు 17.

విజయ టీచరమ్మకు,

పలుకుతున్నది. కోతులు పోయాయి.

ఆగస్టు పన్నెండున మొదటి తుమ్ముకే గుట్టకు పోయాయి. తిరిగి రాలేదు. జంట తుమ్ము ఆగస్టు ఇరవై ఏడున, మీ ఉత్తరం వచ్చిన రోజే కుదిరింది. ఇప్పుడు ఊరివాళ్ళు ఆ జంట తుమ్ము వింటేనే బయలుదేరుతున్నారు. పోశం రోజూ చేను గట్టు దగ్గర బండి ఆపి నిలబడుతున్నాడు. 'తుమ్మమను అన్నా, లేటయితంది' అంటాడు. నాగవ్వ మనుమరాలి సంబంధం కుదిరింది. లగ్నాలు పెట్టుకోవడానికి కూడా ముందు నా చేను దగ్గరికే వచ్చారు. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. హద్దు చెప్పింది మీరు.

శ్రీజ మేడం ఫోన్ చేస్తే ఇంకా కాలేదని రవీందర్‌తో చెప్పించాను. వాడికీ అబద్ధమే చెప్పాను.

ఆ మూడు తప్పులు నేనే రాశాను. నిజమైన తప్పులు అయిపోయాయి. తప్పు లేకపోతే మీకు ఏమని రాయాలో తెలియలేదు. మీ మక్క పోతుందని తెలుసు. తెలిసి కూడా ఇంకొక్క ఉత్తరం అనుకున్నాను. అది వచ్చాక ఇంకొక్కటి అనుకున్నాను. కోతులు నయం. అవి ఆకలికి చేశాయి.

రెండు సంచుల కంకులు సిరిసిల్ల బస్సులో వేశాను. లేతవి పైన ఉన్నాయి. పెట్టె, లాప్‌టాప్ బట్టలో కట్టి పెట్టాను. మేడం ఎప్పుడు వస్తే అప్పుడు ఇస్తాను.

మొగిలయ్య.


తంగళ్ళపల్లి,
సెప్టెంబరు 24.

కోరుట్ల మొగిలయ్యకు విజయ వందనాలు.

ఇక నుంచి మీరు అనను. అబద్ధమాడినవాళ్ళను నేను నువ్వు అనే అంటాను.

ఆ ఉత్తరం వేశాక నాలుగు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. ఐదో రోజు సంచులు వచ్చాయి. భూమన్న బస్టాండు నుంచి మోసుకొచ్చి 'గీ కంకులు పంపినాయనకు నీ మీద కోపమున్నదా, నడుములిరిగినయి' అన్నాడు. కాల్చి, ఉడకబెట్టి, వాడకట్టు జనమంతా తిన్నాం. వినోద్ కూడా వచ్చి ఆరు తిన్నాడు. ఎక్కడివక్కా అంటే కోతులు పంపినయి అన్నాను. వాడు నావైపు చూసి, నవ్వి, ఏడోది తీసుకున్నాడు.

కారణం రాయమంటే నువ్వు తేదీలు రాశావు. అయినా ఎక్కడో చివర్లో కారణం ఉన్నట్టే ఉంది. తుమ్ము వచ్చేముందు ఆగిపోయినట్టు ఉంది.

నేనూ ఒకటి చెప్పాలి. జులైలో నువ్వు పంపిన పదకొండు లైన్లూ నేను మొదటి రోజే చదివాను. ఐదో లైను కామాతో పాటు తొమ్మిదో లైను బాణం మొన లేకపోవడం కూడా అప్పుడే కనబడింది. రెండూ ఒకే ఉత్తరంలో రాయవచ్చు. ఒకటి రాసి కవరు అతికించాను. ఎందుకని అడిగితే నేనూ తేదీలే చెబుతాను. జులై ఇరవై రెండు.

పెట్టెను శ్రీజ మేడంతో పంపకు. నువ్వే తీసుకురా. భూమన్న ఇంటి వరండాలో మంచం వేస్తానన్నాడు. యాసంగి మక్క వేయాలా వద్దా అన్నది ఇంకా తేల్చలేదు. పదిహేనో తారీఖు దగ్గరకొస్తున్నది. ఆ చివర్లో ఆగిపోయిన మాట ఏదో, వచ్చి నోటితో చెప్పు. విన్నాక వినోద్‌కు ఫోన్ చేస్తాను.

భుజం తగ్గింది.

విజయ.


కోరుట్ల,
సెప్టెంబరు 30.

విజయకు,

తొమ్మిదో లైను సంగతి చదివి నవ్వాను. ఇంట్లో ఎవరూ లేరు. అయినా నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాను. ఇప్పటికి మూడు రోజులైంది. బువ్వ తింటుంటే కూడా వస్తున్నది.

రవీందర్‌కు చెప్పాను. ఏమని చెప్పానో నాకే తెలియదు, వాడికి అర్థమైంది. మూడో రోజు షాపుకు పోతూ 'బాపూ, సిరిసిల్ల కాడ బస్సు మారాలె. పెట్టె ఒళ్ళె పెట్టుకో, పైన ఏస్తె పగులుతది' అన్నాడు. స్వరూప కొత్త చొక్కా ఇస్త్రీ చేయించింది. నేను పెట్టె తీసుకుపోతే తాము పనికి ఎట్లా పోవాలని పోశం అడిగాడు. మేడంను ఇంకొక పెట్టె అడిగి, మీరు దిద్దిన రాతే అందులో ఎక్కిస్తానని చెప్పాను.

నోటితో చెప్పమన్నారు. మొన్న చేనులో మనుషులెవరూ లేనప్పుడు మంచె ఎక్కి ప్రయత్నించాను. సగం దాకా వచ్చింది. నిన్న ఇంకొంచెం తగ్గింది. అందుకని ఇక్కడే రాస్తున్నాను.

యాసంగి మక్క వేయండి. వినోద్‌ను ట్రాలీ తేవద్దని చెప్పండి. మీ చేను దగ్గర నేను కూడా ఉంటాను. ఈ యాసంగి వరకు అని కాదు. ఉన్నన్ని రోజులు. చర్చిలో అంటే చర్చిలో, రిజిస్ట్రారు ఆఫీసులో అంటే ఆఫీసులో సంతకం పెడతాను. నా సంతకం బాగుంటుంది.

ఈ ఉత్తరం ఇప్పుడు పోస్టు డబ్బాలో వేసి, అటునుంచి అటే బస్సెక్కుతాను. సాయంత్రానికి నేను మీ ఊళ్ళో ఉంటాను. ఉత్తరం రావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అప్పటిదాకా నన్ను ఏమీ అడగవద్దు. పెట్టె బిగిస్తాను, మంచె కొయ్యలు చూస్తాను, పని చాలా ఉంటుంది.

చదివాక మీకు ఇష్టం లేకపోతే, కోరుట్ల బస్సు ఎన్నింటికో చెప్పండి. పోతాను. ఇష్టమైతే మీరు కూడా ఏమీ చెప్పనవసరం లేదు.

పోస్టుమాన్ వచ్చే వేళకు నేను చేను అవతలి గట్టు దగ్గర, అటు తిరిగి పని చేసుకుంటూ ఉంటాను.

మొగిలయ్య.